వందేళ్ళ డిస్కు

ఆ వీధిలో అందరూ అతన్ని దూది మెకానిక్ అనే అంటారు. అసలు పేరు పెళ్ళానికి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వడ్రంగి చెవి మీద పెన్సిలు పెట్టుకున్నట్టు ఇతను చెవి మీద దూది చుట్టిన సన్నపుల్ల పెట్టుకుని తిరుగుతాడు. దాంతోనే భోజనానికి కూర్చుంటాడు, దాంతోనే దుకాణం మూసి ఇంటికొస్తాడు. పాటలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాక కూడా డిస్కు ప్లేయర్లు బాగుచేస్తూ కూర్చున్నది ఊరు మొత్తానికి ఇతనొక్కడే. నిజం చెప్పాలంటే బాగుచెయ్యడం కన్నా జాగ్రత్తలు చెప్పడం అతనికి ఎక్కువ ఇష్టం. ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక అట్ట రాసి గోడకి తగిలించాడు. డిస్కును అంచులు పట్టుకుని ఎత్తవలెను. మధ్యనించి అంచుకు తిన్నగా తుడవవలెను, గుండ్రంగా తిప్పరాదు. పైన గుడ్డ కప్పి నడపరాదు. లోపల డిస్కు ఉండగా ప్లేయరును కదపరాదు. చెమ్మగోడ పక్కన ఉంచరాదు. లేబుల్ పీకరాదు. వచ్చినవాళ్ళు ఈ ఆరూ పైకి చదివితే తప్ప వస్తువు చేతికివ్వడు. జనం నవ్వుకుంటూ చదివేవాళ్ళు, ఇంటికెళ్ళి లుంగీ అంచుతో గుండ్రంగా తుడుచుకునేవాళ్ళు.

బుధవారం పొద్దున్న పదిన్నరకి దుకాణం ముందు గొడుగు మూసిన చప్పుడైంది. ముందు పెద్దాయన, ఆయన వెనక ఆయా. పెద్దాయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు; ఇప్పటికీ ఎదుటి మనిషిని ఫైలు చూసినట్టే చూస్తాడు. ఆయా ఆయన భార్య టీచరమ్మని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆమె చేతుల్లో తువాలు చుట్టిన ప్లేయరుంది. పసిబిడ్డని పట్టుకున్నట్టు ఒరగకుండా పట్టుకుంది. డిస్కు విడిగా డబ్బాలో, ఆ డబ్బా మెడకి వేలాడే గుడ్డసంచిలో ఉంది. నాలుగో నియమం, అనుకుని మురిసిపోయాడు మెకానిక్. లోపల డిస్కు పెట్టుకుని బస్సులో గడగడలాడించుకుంటూ తెచ్చేవాళ్ళనే చూశాడు ఇన్నేళ్ళూ.

"ఏమయ్యా, ఇది పలకటం లేదు," అన్నాడు పెద్దాయన. "నిన్నా మొన్నా కాదు, రెండు నెలలైందిట! నిన్న వాన పట్టుకోబట్టి నేను లైబ్రరీకి వెళ్ళక ఇంట్లో ఉన్నాను, అందుకని తెలిసింది. పదయింది. ఈవిడ జావగిన్నె పట్టుకుని టీచరు గదిలోకి పోతోంది గానీ ప్లేయరు పెట్టదే! నేనే వెళ్ళి నొక్కాను. చప్పుడే లేదు."

"నో డిస్క్ అని వస్తోందన్నా," అంది ఆయా మెల్లిగా.

"నిన్నెవరడిగారు?" అని కసిరి, పెద్దాయన బల్ల మీదికి వంగాడు. "నీకు తెలుసుగా, మా ఆవిడకి నోరు పడిపోయి మూడేళ్ళు. తన గొంతు తను వింటే తప్ప ముద్ద దిగదు. ఉన్నదల్లా ఈ ఒక్క డిస్కే. దాన్ని తడిచేతుల్తో ముట్టుకుని నాశనం చేసింది. పైగా దాచింది!"

"నేను పాడుచెయ్యలేదు అయ్యగారూ. ఈ అన్న చెప్పినట్టే చేశాను. అంచులు పట్టుకునే తీశాను. మధ్యనించి బయటికే తుడిచాను."

"మరి చెప్పకుండా ఎందుకున్నావమ్మా?" అన్నాడు మెకానిక్.

"పని జరిగిపోతోంది కదా అని ఊరుకున్నానన్నా."

"ప్లేయరు పలక్కుండా ఏం పని జరుగుతుంది? అబద్ధానికి కూడా ఒక తీరుండాలి!" అన్నాడు పెద్దాయన.

ఆయా తువాలు నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది.

"చూసి చెప్పు," అన్నాడు పెద్దాయన గొడుగు తీసుకుంటూ. "ఈవిడ చెయ్యే అని తేలిందా, ఇక మా ఇంట్లో ఒక్క పూట కూడా ఉండనివ్వను."

ఆయన మెట్లు దిగాక ఆయా గుమ్మంలో ఆగింది. "ఎవరి చెయ్యో మీకు తెలిసిపోతుంది కదన్నా?"

"తెలియకేం! మిషను అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు మెకానిక్ ధీమాగా. ఆమె ముఖం తేటపడింది. ఆ ధీమా తల్చుకుంటే తర్వాత అతనికి ఒళ్ళు మండేది.

ప్లగ్గు పక్కన పడేసి స్క్రూలు విప్పాడు. మూత తియ్యగానే తెలిసిపోయింది, ఇది ఒద్దికగా వాడిన వస్తువని. లోపల నలుసంత దుమ్ము లేదు. మోటారు పక్కన శనగబద్దంత గాజు కన్ను. చెవి మీది పుల్ల తీసి, కొత్త దూది చుట్టి, చుక్క స్పిరిట్ అద్ది, ఆ కంటిని ఒక్కసారి ఇటునించి అటు ఒత్తీ ఒత్తకుండా తుడిచాడు. దూదికి మరకే అంటలేదు. తన దగ్గరున్న పాత పాటల డిస్కు పెట్టాడు. గణగణమని పలికింది. టీచరమ్మ డిస్కు పెట్టాడు. లోపల కిచకిచమని వెతుక్కుంది, వెతుక్కుని వెతుక్కుని ఆగిపోయింది. నో డిస్క్.

తీసి అడుగు చూశాడు. అద్దంలోలా తన ముక్కుపుటాలు కనిపించాయి. మూడేళ్ళుగా రోజూ వాడిన డిస్కు, ఒక్క గుండ్రటి గీత లేదు. వందలో తొంభైమంది ఇళ్ళలో పదిరోజులకే గీతలు పడతాయి. "శభాష్ చెల్లెమ్మా!" అన్నాడు పైకే. అని, తిప్పాడు.

పైన తనే అంటించిన కాయితం లేబుల్. టీచరమ్మగారి పాఠాలు అని తన ముత్యాల అక్షరాలు. కాయితం గోధుమరంగుకి తిరిగి, ఒక పక్క అంచు ఎండాకులా లేచింది. దాన్ని ట్యూబులైటుకి అడ్డం పెట్టాడు. జల్లెడలోంచి చూసినట్టు వెలుతురు చుక్కలు చుక్కలుగా అవతల్నించి వస్తోంది. లేచిన అంచుని పట్టకారుతో అరవేలు మేర ఎత్తి చూశాడు. కాయితంతోపాటు వెండిపొర కూడా ఊడి వచ్చేసింది, ఉల్లిపొరలాగా.

అందరూ మెరిసే అడుగువైపు కాపాడుకుంటారు గానీ, ఈ రకం డిస్కు ప్రాణమంతా పైవైపే ఉంటుంది, ఆ పల్చటి పొరలో. దాని మీద జిగురు రాసి కాయితం అంటిస్తే ఆ జిగురు ఏళ్ళ తరబడి కూర్చుని తినేస్తుంది. ఇది అతనికి తెలియని విషయం కాదు. ఆమధ్యే ఒకసారి ఎక్కడో చదివాడు, చదివి పేజీ తిప్పేశాడు. అంటించి ఏడేళ్ళు. పిచ్చి మోజు కాకపోతే ఏమిటి! డిస్కు బోడిగా ఉంటే ఏం బాగుంటుందని లేబుళ్ళు బొత్తులు బొత్తులుగా తెప్పించాడు ఆ రోజుల్లో. ఊళ్ళో ఎందరి టేపులు డిస్కులకెక్కించాడో అందరికీ అంటించాడు.

అది కూడా పోనీ. ఆరోజు టీచరమ్మ తన స్కూలు టేపు చేత్తో పట్టుకుని, "మరి దీన్నేం చెయ్యను?" అని అడిగింది. "ఇంకెందుకండీ ఆ చెత్త, పారెయ్యండి. ఈ డిస్కుకి వందేళ్ళ దాకా ఢోకా లేదు," అన్నాడు తను. పాపం, ఆవిడ నవ్వి, ఆ టేపుని దుకాణం ముందున్న చెత్తబుట్టలోనే పడేసి వెళ్ళింది.

సాయంత్రం ఇంటికెళ్ళి బీరువాలోంచి తన డిస్కు తీశాడు. ఇప్పుడు కాపరానికి వెళ్ళిపోయిన కూతురు మూడేళ్ళప్పుడు చెప్పిన ముద్దుమాటలు అందులో ఉన్నాయి. దాన్నీ దీపానికి అడ్డం పెట్టాడు. దాంట్లోనూ అవే చుక్కలు.

"ఏమిటా చూడ్డం, నక్షత్రాలు లెక్కపెడుతున్నారా?" అంది భార్య.

చెప్పాడు. అంతా విని ఆవిడ చేతిలోని చాట కింద పెట్టింది. "మరి పొద్దున్నే వెళ్ళి చెప్పండి ఆ పెద్దాయనకి."

"ఏమని చెప్పను? ఊళ్ళో ఎన్నిళ్ళలో ఉన్నాయో తెలుసా నేను చేసినవి? ఒకళ్ళకి తెలిస్తే అందరూ దీపాలకి అడ్డం పెట్టి చూసుకుంటారు. నా ముఖాన ఉమ్మేస్తారు."

"మరి ఆ ఆయా?"

అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అంది భార్య, చాట తీసుకుంటూ.

గురువారం పెద్దాయన ఒక్కడే వచ్చాడు. మెకానిక్ దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చినవాడే, సార్, తప్పు నాది అని మొదలుపెట్టాలని. ఆయన కుర్చీలో కూర్చోలేదు, గొడుగు బల్లకి ఆనించాడు.

"తేలిందా?"

"ఇంకా చూస్తున్నానండి."

"ఆమె చెయ్యేనా?"

కాదండి అనాలి. ఒక్క ముక్క. గోడ మీద ఆరు నియమాలూ అతన్నే చూస్తున్నాయి.

"చెప్పలేమండి," అన్నాడు.

"చెప్పలేవంటే? కాదని కూడా చెప్పలేవుగా?"

మెకానిక్ చెవి మీది పుల్ల తీసుకుని, నిన్న తుడిచిన గాజు కంటినే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు.

"సరే, అర్థమైందిలే," అన్నాడు పెద్దాయన. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆయన వీపు కనిపిస్తూనే ఉంది. పరిగెత్తితే నాలుగంగల్లో అందుకోవచ్చు. మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

శుక్రవారం దుకాణం తెరవలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. శనివారం పొద్దున్న భార్య, అతను దుకాణం నించి తెచ్చిపెట్టిన ప్లేయరుని ఇంట్లోని ఒక తువాలులో చుట్టి చేతికిచ్చింది. రెండ్రోజుల్నించీ ఆవిడ అతనితో మాట్లాడటం మానేసింది.

పెద్దాయన ఇంటి మెట్లెక్కి తలుపు కొడితే ఆయనే తీశాడు. చొక్కా మీద జావ మరకలు, గడ్డం పెరిగింది.

"ఆయా లేదాండీ?"

"నిన్న పంపేశానుగా," అన్నాడు ఆయన. "నువ్వే కదయ్యా అన్నావు."

తను అన్నది అది కాదు. కానీ తను ఏమన్నాడో అతనికి బాగా తెలుసు.

లోపల కిటికీ పక్క కుర్చీలో టీచరమ్మ ఉంది. మెడ కింద తువాలు పిన్నుతో గుచ్చి ఉంది. పెదాలు బిగించి కూర్చుంది, మొండికేసిన పిల్లలా. ఎడమచెయ్యి ఒళ్ళోని గుడ్డని నలుపుతోంది. స్టూలు మీద గిన్నెలో జావ మీగడ కట్టి చల్లారిపోయింది.

"నిన్నపొద్దుట్నించీ నోరు తెరవటం లేదు," అన్నాడు పెద్దాయన. "బతిమాలాను, కసిరాను, చివరికి ఏడ్చాను కూడా. నువ్వేదో బాగుచేసి తెచ్చావని..."

"సార్," అన్నాడు మెకానిక్. ప్లేయరు అల్మరా మీద పెట్టాడు, గోడకి జానెడు ఎడంగా, సమంగా. చేతులకి ఇంకేం పని మిగల్లేదు. "డిస్కు పోవడం ఆయా తప్పు కాదు. నా తప్పు. నేనంటించిన లేబులే దాన్ని తినేసింది. ఆమె చేతిలో దానికి ఒక్క గీత కూడా పడలేదు. ఇంక అది పలకదండి. టేపు కూడా నేనే పారేయించాను."

పెద్దాయన అరుస్తాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆయన మంచం అంచున కూలబడి భార్య వైపు చూశాడు.

"అయితే మరి," అన్నాడు, "ఈ రెండు నెలలూ తను ఎలా తిన్నదయ్యా?"

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

"రోజూ నేను పదకొండుకి వచ్చేవాణ్ణి. మెట్లెక్కుతుంటే పాఠం వినపడేది. పిల్లలూ చేతులు కట్టుకోండీ, అని. మొన్న సోమవారం కూడా వినపడింది. కోపంలో ఆ సంగతే తట్టలేదు." ఆయన అల్మరా మీది ప్లేయరు చూపించాడు. "ప్లేయరే అనుకున్నాను. నలభై ఏళ్ళు కాపరం చేసిన పెళ్ళాం గొంతు కాదని నాకు తెలియలేదయ్యా!"

టీచరమ్మ ఎడమచెయ్యి గుడ్డని నలుపుతూనే ఉంది.

"మీరు చెప్పి చూడండి సార్, ఆ పాఠం," అన్నాడు మెకానిక్.

"నాకేం వచ్చు! పదయ్యేసరికి లైబ్రరీలో ఉండేవాణ్ణి." ఆయన లేచి, చల్లారిన గిన్నె తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఎలాగైనా తీసుకురా ఆమెని. నా మాటగా చెప్పు."

హోటళ్ళ దుప్పట్లు ఉతికే కార్ఖానాలో ఆయా పనికి కుదిరిందని ఆమె ఇంటిపక్కవాళ్ళు చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ అక్కడికి వెళ్ళాడు. లోపలంతా ఆవిరి. అవతలి కొస ఇంకో మనిషి, ఇవతలి కొస ఆయా పట్టుకుని, వేడి దుప్పటి ఒక్క దులుపు దులిపి, దగ్గరికొచ్చి అంచులు కలిపి, మళ్ళీ వెనక్కి జరుగుతున్నారు. అక్కడ కూడా ఆమె అంచులే పట్టుకుంటోంది. భోజనం విరామానికి గంట కొట్టాక బయటికొచ్చింది. చేతులు ఎర్రగా ఉడికిపోయి ఉన్నాయి.

"నీ తప్పు కాదని అయ్యగారికి చెప్పేశానమ్మా," అన్నాడు. "లేబుల్ వల్ల పోయింది. నేనంటించిందే."

"అమ్మయ్య!" అని ఊపిరి పీల్చుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "టీచరమ్మ తింటోందా?"

"లేదు. నిన్ను రమ్మన్నారు. ఆయన చాలా బాధపడుతున్నారు."

ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. "మూడేళ్ళు చేశానన్నా ఆ ఇంట్లో. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబెట్టి సంచి దులపమన్నారు. దులిపాను. ప్లేయరు చుట్టే తువాలు పడింది. ఇదెవరిదన్నారు. నాదేనన్నా అది." ఉడికిన వేళ్ళు కొంగుకి ఒత్తుకుంది. "ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేను. ఎవరెన్ని చెప్పినా తొక్కలేను."

బలవంతపెట్టే ముఖం అతనికి లేదు. జేబులోంచి అగ్గిపెట్టంత రికార్డరు తీశాడు. "పోనీ ఆ పాఠం ఇందులో చెప్పమ్మా. డిస్కు చేసి పెట్టేస్తాను. లేబుల్ అంటించనులే."

ఆ మాటకి ఆమె కొంచెం నవ్వింది. అతను మీట నొక్కి రాయి మీద పెట్టాడు. ఆమె గొంతు సవరించుకుంది. అంతే, గోడకానుకున్న మనిషి నిటారుగా అయింది, గొంతు మారింది.

"పిల్లలూ, చేతులు కట్టుకోండి. వెనక బెంచీ, నవ్వులాపండి. ఇవాళ మనం మేఘం గురించి చెప్పుకుందాం. మేఘం ఎక్కడ పుడుతుంది? ఏదీ, అందరూ నోరు తెరిచి చెప్పండి!"

ఆమె కుడిచెయ్యి పైకి లేచింది, చెంచా పట్టుకున్నట్టు. ఎదురుగా ఎవరూ లేరు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తర్వాత?" అన్నాడు మెకానిక్.

"అక్కడ నోరు తెరిచేదన్నా టీచరమ్మ. తను చెప్పిన మాటకి తనే తెరిచేది. నేను పెట్టేసేదాన్ని. ఆవిడ మింగితే నాకు తర్వాతి మాట వచ్చేది." కళ్ళు మూసుకుంది, పెదాలు కదిపింది. "రావటం లేదు. ఎదురుగా ఆవిడ లేకపోతే ఒక్క ముక్క రావటం లేదన్నా."

కార్ఖానా లోపల మిషన్లు గుయ్యిమంటున్నాయి. ఆమె కళ్ళు తెరిచింది.

"అన్నా, లేబుల్ సంగతి మీకు ఏ రోజు తెలిసింది?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. నిన్ననే తెలిసిందంటే పోతుంది, ఆమె నమ్ముతుంది కూడా. మిషను అబద్ధం చెప్పదన్న తన మాటని నమ్మిన మనిషే కదా.

"బుధవారం," అన్నాడు.

ఆమె తల ఊపింది. వేళ్ళు చూసుకుంది.

"నన్ను శుక్రవారం పంపేశారు," అంది.

కోపంగా అనలేదు. అంతలో గంట కొట్టారు. ఆమె లేచి, చీర దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. రాయి మీద రికార్డరు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

సోమవారం పది గంటలకి మెకానిక్ పెద్దాయన ఇంట్లో ఉన్నాడు. కొత్త డిస్కు తెచ్చాడు. దాని మీద కాయితం లేదు, అక్షరం లేదు. రికార్డరులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించేశాడు. చివర అక్కర్లేని ముక్క కోసెయ్యడం అతనికి చిటికెలో పని. కత్తిరింపు దాకా వెళ్ళి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పాఠం మొదటి చెంచా దాకానే ఉందండి," అన్నాడు. "తర్వాత... వేరే ఉంది."

పెద్దాయన వేడిజావ గిన్నె పట్టుకుని భార్య ఎదుట స్టూలు మీద కూర్చున్నాడు. ఆయనకి చెంచా పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. మెకానిక్ మీట నొక్కాడు.

పిల్లలూ, చేతులు కట్టుకోండి.

టీచరమ్మ ఎడమచెయ్యి ఆగింది. తల తిప్పి తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. మళ్ళీ అల్మరా వైపు చూసింది.

ఏదీ, అందరూ నోరు తెరిచి చెప్పండి!

మూడ్రోజులుగా బిగిసిన పెదాలు విచ్చుకున్నాయి. పెద్దాయన గబుక్కున చెంచా పెట్టేశాడు. మింగింది. మింగి, తర్వాతి మాట కోసం చూస్తోంది. ఆయన రెండో చెంచా ఎత్తి పట్టుకున్నాడు.

తర్వాత? అన్నది మెకానిక్ గొంతు, ప్లేయరులోంచి. తర్వాత ఆయా గొంతు. రావటం లేదన్నా. తర్వాత మిషన్ల గుయ్యి. లేబుల్ సంగతి మీకు ఏ రోజు తెలిసింది? బుధవారం. నన్ను శుక్రవారం పంపేశారు.

టీచరమ్మ పెదాలు మళ్ళీ బిగిసిపోయాయి. ఎత్తిన చెంచాలోంచి జావ బొట్టు బొట్టుగా పెద్దాయన మోకాలి మీద పడుతోంది. బుధవారమేనా, అన్నట్టు ఆయన మెకానిక్ వైపు చూశాడు. గురువారం చెప్పలేమన్న మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. పెద్దాయన చూపు కూడా తన చేతుల మీదికి దిగిపోయింది.

"మళ్ళీ పెట్టు," అన్నాడు.

మళ్ళీ మొదట్నించి పెట్టాడు. చేతులు కట్టుకోండి, వెనక బెంచీ, మేఘం, నోరు తెరిచి చెప్పండి. ఇంకో చెంచా. మెకానిక్ వేలు ఆపే మీట మీదికి వెళ్ళింది.

"ఆపకు," అన్నాడు పెద్దాయన. "ఉండనీ."

బుధవారం, అన్నాడు మెకానిక్ అల్మరా మీంచి. శుక్రవారం, అంది ఆయా. గిన్నెలో జావ ఇంకా నిండుగానే ఉంది.

"మళ్ళీ పెట్టవయ్యా," అన్నాడు పెద్దాయన.